గ్రిల్లు లోపల నేను, గట్టు మీద ఎవరు?

పెళ్లికి ముందు తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలో ప్రశ్నలడిగి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకు సరదా. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను అనను. నేను చెప్పబోయేది దెయ్యం గురించి కూడా కాదు, ఎందుకంటే ఇందులో చచ్చిపోయినవాళ్లెవరూ లేరు.

మా అత్తవారి ఊరు కలిదిండి దగ్గర. ఊరికి ఎడంగా, మా చేపల చెరువుల మధ్యలో ఉంటుంది ఇల్లు. రోడ్డు దిగాక చెరువుగట్టు మీదుగా నడిచి రావాలి. గట్టు మొదట్లో, రోడ్డు పక్కన మెరక మీద నాగరత్నంగారి ఇల్లు. ఆవిణ్ని పిన్నిగారూ అని, ఆవిడ భర్త సూర్యారావుగారిని బాబాయిగారూ అని పిలుస్తాను. చుట్టరికమేమీ లేదు. మాకు అందుబాటులో ఉన్న మనుషులు వాళ్లే.

ఆ ఏడాది ఎండాకాలంలో మా చుట్టుపక్కల దొంగల భయం పట్టుకుంది. మొదట చెరువుల మీద మోటార్లు, వైర్లు పోయేవి. తర్వాత, మాలాగే చెరువుల మధ్య ఒంటరిగా ఉంటున్న ఒక ముసలి దంపతుల్ని మంచానికి కట్టేసి, ఒంటి మీది బంగారం ఒలుచుకుపోయారు. ఊళ్లో మగవాళ్లు వంతులేసుకుని కాపలా కాశారు. సెంటర్లో కెమెరాలు పెట్టించారు.

మావారు ఇంటి వసారా చుట్టూ ఇనప గ్రిల్లు పెట్టించారు. కిటికీలకు రెండో వరస కమ్మీలు వేయించారు. పెరటి తలుపు తీసేసి గోడ కట్టించారు. మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. ఆవిణ్నీ నన్నూ వదిలి చెరువుల మీదికి వెళ్లడానికి ఆయనకు ధైర్యం చాలేది కాదు. గ్రిల్లు పెట్టాక నిశ్చింతగా వెళ్లేవారు. నేనూ నిశ్చింతగా నిద్రపోయాను.

ఇంతకీ ఆ రోజు సంగతి. వాన పట్టి అప్పటికి కొన్నాళ్లయింది. కొల్లేరు నిండిపోయి డ్రైన్లలో, అంటే పొలాల మురుగు కాలవల్లో, నీళ్లు వెనక్కి తంతున్నాయి. నాకు జ్వరం. పొద్దున్న మాత్ర వేసుకుని అత్తయ్యగారి మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నాను. డ్రైను గట్టుకి ఇసక బస్తాలు వెయ్యాలని మావారికి ఫోనొచ్చింది. నన్ను లేపడం ఇష్టం లేక, ఒక గంటలో వచ్చేస్తాను కదా అని, గ్రిల్లుకి బయట తాళం వేసుకుని వెళ్లిపోయారు. రెండో తాళంచెవి కూడా ఆయన బైకు తాళాల గుత్తిలోనే ఉంది.

మధ్యాహ్నం వీపుకి చల్లగా తగిలి మెలకువ వచ్చింది. చాప తడిసిపోయింది. గచ్చు మీద నీళ్లు.

కరెంటు లేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. వసారాలోకి వెళ్లి చూస్తే చెరువేదో, వాకిలేదో తెలియడం లేదు, అంతా ఒకటే నీళ్లు. తాళం అవతలి వైపు వేలాడుతోంది. కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి అందుకోగలను, అంతే. రోకలి తెచ్చి కొట్టాను. చెయ్యి ఆడించేంత చోటు లేక దెబ్బ పడలేదు. తలుపు బందుల మీద కొట్టాను. మావారు ఊళ్లో అందరికంటే మందం కమ్మీలు వేయించానని గొప్పగా చెప్పుకునేవారు. అవి కదల్లేదు.

డాబా మీదికి మెట్లు బయట ఉన్నాయి. గ్రిల్లు ఇవతల నుంచి చూస్తే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో మొదటి మెట్టు.

గొంతు పోయేదాకా అరిచాను. వాన హోరులో నా కేక నాకే సరిగ్గా వినపడలేదు. ఒక నీళ్లపాము కొట్టుకొచ్చి గ్రిల్లు కమ్మీలకు చుట్టుకుంది. అది లోపలికీ వస్తోంది, బయటికీ పోతోంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది.

నీళ్లు మంచం పట్టె దాకా వచ్చేసరికి అత్తయ్యగారిని ఈడ్చుకుంటూ భోజనాల బల్ల మీదికి ఎక్కించాను. ఎలా ఎక్కించానో తెలియదు. నేనూ పక్కన ఎక్కి, ఆవిడ తల ఒళ్లో పెట్టుకున్నాను. ఆవిడ కుడిచెయ్యి నా మణికట్టుని పట్టుకుంది.

"నువ్... పో... అమ్మా," అన్నారు.

"ఎక్కడికి పోతానండీ," అన్నాను.

ఆ సమయంలో నేను నాగరత్నంగారిని గట్టిగా తలుచుకున్నానని చెబితే కథ అందంగా ఉంటుంది. కానీ ఆవిడ నాకు గుర్తుకైనా రాలేదు. నిద్రపోలేదు, కళ్లు తిరగలేదు. గోడ మీద తడి ఎంత పైకి ఎక్కుతోందో చూస్తూ కూర్చున్నాను. అంతే.

చాలాసేపటికి బయట మాటలు వినపడ్డాయి. చెరువులో మేత వేసే పడవలో సూర్యారావుగారు, ఆయన తమ్ముడు, వాళ్ల వెనకాల నాగరత్నంగారు. ఆవిడ గుండెలు బాదుకుంటూ ఏడుస్తున్నారు. నేను బల్ల దిగి, నడుంలోతు నీళ్లలో పడుతూ లేస్తూ గ్రిల్లు దగ్గరికి వెళ్లాను.

నన్ను చూడగానే ఆవిడ ఏడుపు టక్కున ఆగిపోయింది. సూర్యారావుగారు గునపం ఎత్తినవారు ఎత్తినట్టే ఉండిపోయారు.

"సుజాతా... నువ్వు లోపలికెలా వచ్చావమ్మా?" అన్నారు ఆవిడ.

"నేనెక్కడికి వెళ్లాను పిన్నిగారూ? తాళం పగలగొట్టండి, అత్తయ్యగారు లోపలున్నారు!"

"అదే కదమ్మా ఇందాక వచ్చి చెప్పావు!"

అప్పుడు ఆ మాట నా బుర్రకెక్కలేదు. గునపంతో తాళం విరగ్గొట్టి, అత్తయ్యగారిని పడవలోకి చేర్చి, వాళ్లింటికి తీసుకుపోయారు. పొడిబట్టలు కట్టుకుని, వేడి టీ తాగాక అడిగాను.

నాగరత్నంగారు చెప్పింది ఇది. ఆవిడ వంటింట్లో ఉండగా నేను పెరటి గుమ్మంలోకి వచ్చానట. ఆకుపచ్చ నైటీ, భుజాల చుట్టూ ఎర్రంచు తువ్వాలు. ఆ రోజు నా ఒంటి మీద ఉన్నవి సరిగ్గా అవే. జ్వరం చలికి ఆ తువ్వాలు పొద్దున్నే కప్పుకున్నాను. ఆవిడ అంతకు రెండ్రోజుల ముందు నుంచీ నన్ను చూడలేదు.

"లోపలికి రావే, తడిసిపోతున్నావు అన్నానమ్మా. రాలేదు. 'అత్తయ్యగారు లోపలుండిపోయారండీ, తాళం వేసుంది, బాబాయిగారిని గునపం తీసుకుని రమ్మనండి' అన్నావు. కంగారేం లేదు నీ మొహంలో. కూరకి ఉప్పు కావాలన్నట్టు చెప్పావు. చెప్పేసి వెళ్లిపోయావు."

ఆమె ఒక్కరే చెబితే భ్రమ అనుకునేదాన్ని. సూర్యారావుగారు కూడా చూశారు. ఆయన గునపం తీసుకుని బయటికొచ్చేసరికి నేను గట్టు మీద మా ఇంటి వైపు నడిచిపోతున్నానట. ఆగమ్మా అని కేకేస్తే తిరగలేదట. వానలో కనపడకుండా పోయానట. వెనకాలే వెళ్లిన ఆయనకు గట్టుకి పెద్ద గండి కనిపించింది. లారీ పట్టేంత వెడల్పున నీళ్లు ఉరకలేస్తున్నాయి. నేను అందులో పడి కొట్టుకుపోయానని ఆయన నిశ్చయించుకున్నారు. తమ్ముణ్ని పిలిచి పడవ వేసుకుని, నన్ను వెతుక్కుంటూ, కనీసం మా అత్తయ్యగారినైనా దక్కించుకుందామని వచ్చారు.

నాగరత్నంగారు ఏడ్చింది నా చావుకి.

మావారు మర్నాడు వచ్చారు. డ్రైను మీది కల్వర్టు కొట్టుకుపోయి అవతలి ఒడ్డున ఇరుక్కుపోయారు. సంగతంతా విన్నారు. "జ్వరంలో ఎలాగో బయటపడి, మళ్లీ ఎలాగో లోపలికి వెళ్లావేమో," అన్నారు. ఎటునుంచి వెళ్తానండీ అని అడిగాను. గోడ కట్టించిందీ కమ్మీలు వేయించిందీ ఆయనే. పగిలిన తాళం కూడా ఆయనే చూశారు.

అత్తయ్యగారిని కూడా అడిగాను. ఆవిడ నా మణికట్టు చూపించారు. ఆవిడ వేళ్ల గుర్తులు ఇంకా కమిలి ఉన్నాయి. "వద...ల్లేదు," అన్నారు. ఆవిడ నన్ను ఒక్క క్షణమైనా వదల్లేదన్నది నిజం. నాకూ తెలుసు.

చేపలన్నీ వరదలో పోయాయి. ప్రాణాలు దక్కాయి కాబట్టి మళ్లీ చెరువులు వేసుకున్నాం. గ్రిల్లు తలుపు తీయించేశాను. దొంగలొస్తే రానీ అన్నాను. ఇప్పటికీ బాత్రూమ్ తలుపు గడియ పెట్టుకుంటే నాకు ఊపిరాడదు.

ఏలూరులో ఒక డాక్టరుగారికి చెబితే, ఆపదలో మనసు చేసే గారడీలని ఏవో వివరించారు. కానీ ఆపదలో ఉన్నది నా మనసు. చూసింది మెరక మీద, పొడి ఇంట్లో ఉన్న ఇద్దరు.

ఆ వచ్చిన మనిషెవరో నాకు తెలియదు. నా ప్రాణం కాపాడింది కాబట్టి దణ్ణం పెట్టుకోమంటారు మా అమ్మ. పెట్టుకుంటాను. కానీ ఒక్కటి మాత్రం నన్ను తినేస్తూ ఉంటుంది. నాగరత్నంగారిని ఎన్నిసార్లు అడిగినా ఆవిడ ఆ మాటలు అలాగే చెబుతారు, ఒక్క అక్షరం మారదు. అత్తయ్యగారు లోపల ఉండిపోయారు అందట. అత్తయ్యగారి కోసమే రమ్మందట.

నేను కూడా లోపల ఉన్నానని చెప్పలేదు.