మా నాయన తల పైన ఖాళీ

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోకముందే మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. తనూ నాలాగే బొమ్మలను కదిలించే పనిలో ఉంది, కాకపోతే నేను హైదరాబాదుకు పరుగెత్తి చేసిన పనిని తను మార్కాపురంలో మా ముందు గదిలో కాళ్ళు మడుచుకు కూర్చుని చేస్తుంది. తను వాడే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒక ఫారం పంపారు. కెమెరాలోనూ టైమ్‌లైన్‌లోనూ ఇంకా ఏమేం సౌకర్యాలు కావాలో వాడేవాళ్ళనే చెప్పమన్నారు. నువ్వు చెప్పమ్మా, నేను టైపు చేస్తా అంది. అడిగేవాళ్ళు దొరికితే ఊరుకుంటానా నేను!

మనిషి నడుస్తుంటే కెమెరా తనంతట తానే వెంట పోవాలని చెప్పాను. అది ఎప్పుడో వచ్చిందమ్మా అంది. టైమ్‌లైన్ అంటే గడికో బొమ్మ ఉండే వరస కదా, దాని మధ్యలో నాలుగు గళ్ళు కలిపితే, కెమెరా ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తులు కూడా బొమ్మలతో పాటు జరగాలన్నాను. అదీ ఉందట. సరే తల్లీ, ఒక బొమ్మను చెరిపేటప్పుడు, ఇది ఇంకోచోట కూడా వాడుకున్నావు, అక్కడ కూడా చెరిగిపోతుంది, చూసుకో అని ఒక్క మాట చెప్పాలి అన్నాను. అది కూడా చెబుతుందమ్మా, చెరిపినా పాతది దాచిపెడుతుంది, నీకెందుకు ఇంత కోపం అని నవ్వింది. నాకు కోపం కాదు, ఏడుపు వచ్చింది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మాది హనుమంతునిపాడు అవతల ఒక మెట్ట ఊరు. ఆ తాలూకా ఫ్లోరైడు నీళ్ళ సంగతి ఆ వైపు పుట్టిన నా ఈడు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, నోరు తెరిస్తే మన పళ్ళ మీది గారే చెబుతుంది. పిల్లలకు పళ్ళతో సరిపోయింది గానీ ఆ నీళ్ళు తాగి ఎండలో కూలి పని చేసిన పెద్దవాళ్ళకు నడుములే పోయాయి. నాకు బుద్ధి తెలిసేటప్పటికే మా నాయన వంగిపోయి ఉన్నాడు. మెడ తిరిగేది కాదు, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగేవాడు. నాయన అంటే అట్లాగే ఉంటాడు కాబోలు అనుకుని పెరిగాను నేను.

మా మేనమామ మార్కాపురంలో పలకలు చేసే చోట పని చేసేవాడు. అంచు పగిలి అమ్మకానికి పనికిరాని పలకలను మాకు తెచ్చిచ్చేవాడు. మన కాలంలో పలకంటే ఏమిటో మీకు తెలుసు, రాయడం, తడిగుడ్డతో తుడవడం, మళ్ళీ రాయడం. నేను అక్షరాలు తక్కువగానూ బొమ్మలు ఎక్కువగానూ గీసేదాన్ని. కొంగను గీసి, తుడిచి, కొంచెం రెక్క ఎత్తి గీసి, మళ్ళీ తుడిచి, అట్లా సాయంత్రమంతా ఆ కొంగను ఎగరేసేదాన్ని. నాయన గోడకు ఆనుకుని చూసేవాడు. అదిగో లేచింది, లేచింది అనేవాడు. లోకంలో నా మొదటి ప్రేక్షకుడు ఆయనే.

చదువు అయ్యాక ఎట్లాగో హైదరాబాదులో ఒక చిన్న యానిమేషన్ ఆఫీసులో పడ్డాను. బొద్దు మానిటర్లు, ఉన్నట్టుండి ఆగిపోయే కంప్యూటర్లు, కరెంటు పోతుందేమోనని బొమ్మ బొమ్మకూ సేవ్ నొక్కడం, ఆ రోజులు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. అక్కడ రెండో ఏడు ఒక సంస్థ వాళ్ళు ఫ్లోరైడు నీళ్ళ మీద నాలుగు నిమిషాల చిత్రం కావాలని వచ్చారు, ఊళ్ళలో తిప్పి చూపిస్తారట. మొదటి దృశ్యంలో ఒక పడుచు మనిషి నిటారుగా నడుస్తూ వస్తాడు, నడిచేకొద్దీ నడుము వంగుతూ పోతుంది. ఆ మాట వినగానే అది నాకే ఇవ్వండి అని మా డైరెక్టరు గారిని పట్టుకున్నాను. ఆ మనిషి మా నాయన కావాలి, ఆయన మా ఊళ్ళోనే కూర్చుని తను నిటారుగా నడవడం చూడాలి, అదే నా పట్టుదల. ఊరికి వెళ్ళి నాయనకు మాట కూడా ఇచ్చేశాను.

తీరా చూస్తే ఆయన నిటారుగా ఎట్లా నడిచేవాడో నాకు తెలియదు. ఫొటో ఒక్కటీ లేదు. చూపించడానికి ఆయనకు నడుము లేవదు. అప్పుడు మా అమ్మ కొంగు నడుముకు దోపి, ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లో నడిచి చూపించింది. నాయన పడీ పడీ నవ్వాడు. “ఏమే, నేనట్ల నడిచినానా? ఆ చేతులేంది కోతి మాదిరి?” అన్నాడు. అమ్మ ఊరుకుంటుందా! “నీ నడక నువ్వు చూసుకున్నావా ఏంది? నీ ఎనక నడిచినదాన్ని నేను!” అని ఇంకో చుట్టు తిరిగింది. నేను పలక మీద ఒక్కో అడుగూ గీయడం, తుడవడం, చేతికి పట్టుబడేదాకా గీయడం. కాగితం మీద ఎక్కించుకోవాలని తోచనే లేదు. చేతికి వస్తే చాలనుకున్నాను.

ఆఫీసుకు వచ్చి ఆ నడకను పదహారు బొమ్మల్లో దించాను. ఎంత ఠీవిగా వచ్చిందనుకున్నారు! ఆయన తల ఎత్తుకు సరిపోయేట్టు కెమెరాను ఒక్కో గుర్తూ పెట్టుకుంటూ నడిపించాను. తరువాత వంగిన నడక గీయాలి. ఆ పదహారు బొమ్మలనే టైమ్‌లైన్‌లో తరువాతి గళ్ళలో కూడా పెట్టుకుని, నిటారు వీపు చెరిపి వంగిన వీపు గీయడం మొదలుపెట్టాను. పలక చేయి కదా, చెరిపి గీయడమే దానికి తెలుసు. ఒక బొమ్మను రెండు చోట్ల పెడితే అవి రెండు బొమ్మలు కావు, ఒకే బొమ్మకు రెండు కిటికీలు. అది నాకు తెలియదని కాదు, ఆ పూట ఆ సంగతి తలకెక్కలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, ఒక్కోటీ సేవ్ చేసుకుంటూ, నా చేత్తో నేనే మా నాయన వీపును పదహారు సార్లు వంచాను.

మొదటి నుంచి ఆడించి చూసుకుంటే మొదటి అడుగులోనే వంగి వస్తున్నాడు. వెనక్కి పోయే దారి లేదు. సేవ్ చేసినది చేసినట్టే ఉంది. మళ్ళీ గీద్దామని కూర్చుంటే చేతికి వంగిన నడకే వస్తోంది గానీ ఆ నిటారు నడక రావడం లేదు. మరుసటి పొద్దున చిత్రం ఇచ్చేయాలి. డైరెక్టరు గారు చూసి, ఇట్లాగే బాగుందమ్మా, జనానికి వెంటనే అర్థమవుతుంది అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆయనకు అది కథ. మరుసటి పొద్దున అట్లాగే ఇచ్చేశాను.

చర్చి గోడకు తెల్ల దుప్పటి కట్టి మా ఊళ్ళో ఆ చిత్రం వేసిన సాయంత్రం నేనూ వెళ్ళాను. నాయనను ముందు వరసలో కూర్చోబెట్టారు. ముందే చెప్పేద్దామని పక్కన కూర్చుని, ఆయన భుజం మీది తువ్వాలు సర్ది ఊరుకున్నాను. తెర మీద ఆ మనిషి వంగి వచ్చాడు. కెమెరా మాత్రం నిటారు మనిషి తల ఎత్తుకు పెట్టినదే, మార్చడానికి తీరలేదు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నాయన చాలాసేపు చూసి, మనిషి మొత్తం నా వైపు తిరిగి, “అంతా బాగుంది తల్లీ, తల పైన అంత ఖాళీ ఎందుకు పెట్టినావు?” అని అడిగాడు. నీ తల ఉండాల్సిన చోటు అది నాయనా అని చెప్పలేకపోయాను. మళ్ళీ గీస్తాలే అన్నాను. గీయలేదు. పనులు, పెళ్ళి, బిడ్డ, ఏదో ఒకటి. రెండేళ్ళకు నాయన పోయాడు, ఆ తరువాత అమ్మ కూడా.

వంటింట్లోకి మా అమ్మాయి వెనకే వచ్చింది. అంతా విని, తాతయ్య ఎట్లా నడిచేవాడో చెప్పు, ఒక్క సాయంత్రంలో చేసిస్తా, కెమెరా ఆయన వెంటే పోతుంది అంది. ఎంత ప్రేమగా అందో! చెప్పబోయాను. అమ్మ నవ్వు గుర్తుంది, భుజాన తువ్వాలు గుర్తుంది. నడక మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళకు శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్లు ఆటోల్లో వస్తున్నాయి. నిన్న వెళ్ళినప్పుడు బస్సు దిగి రోడ్డు పక్కన నిలబడి చూశాను. పాతికేళ్ళ పిల్లలు, నిటారుగా, ఫోన్లు చెవిన పెట్టుకుని, ఏ చింతా లేకుండా నడిచిపోతున్నారు. కడుపు నిండింది. వాళ్ళలో ఎవరిది మా నాయన నడకో చెప్పేవాళ్ళు లేక, నేను ఒక్కొక్కరినే కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడిపోయాను.