దినం మార్చి దినం వచ్చిన జ్వరం

మా అత్త మా నాయనకు సొంత అక్క. చిన్నప్పుడు సెలవులకు డోన్ పోతే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించేది. ఆ ఇంటికే కోడలిగా పోతున్నానంటే కమలాపురంలో మావాళ్లెవరికీ దిగులు లేదు. నాకూ లేదు.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి వచ్చినప్పుడే పెరట్లోని సిమెంటు తొట్టి, డ్రమ్ములు నింపి పెట్టేవాళ్లం. తొట్టికి మూత లేదు. నీళ్లలో సన్నటి పురుగులు గిలగిలలాడుతుంటే అత్త పాత చీరగుడ్డతో వడకట్టేది.

ఒక మధ్యాహ్నం బట్టలు ఉతుకుతుంటే చలి పుట్టింది. అంత ఎండలో పళ్లు టకటకా కొట్టుకున్నాయి. బొంతలు కప్పుకున్నా వణుకు ఆగలేదు. తర్వాత ఒళ్లు పెనంలా కాలింది, తలనొప్పి, వాంతులు. సాయంత్రానికి చెమటతో చీరంతా తడిసి జ్వరం దిగిపోయింది. మరునాడు మామూలుగా లేచి వంట చేశాను. ఆ మరునాడు మళ్లీ అదే చలి.

"నిన్న బాగనే పనిచేస్తివి కదమ్మీ, ఈ పొద్దు ఏమొచ్చె నీకు?" అంది అత్త. "దినం మార్చి దినం వచ్చే జ్వరం యాడన్నా ఉంటాదా? బట్టలు ఉతికే దినమే వస్తాది, చూడు!"

మా ఆయన లారీ ఆఫీసు నుంచి వచ్చి, "ఒక మాత్ర ఏసుకో" అన్నాడు. ఆసుపత్రి మాట ఎత్తితే తల్లి మొహం చూశాడు. తల్లి లేచి వంటింట్లోకి పోయింది. ఆయన అన్నానికి కూర్చున్నాడు.

వారాలు గడిచాయి. బిందె ఎత్తితే ఆయాసం. ఎడమవైపు పక్కటెముకల కింద నొప్పి. నాయన ఫోన్ చేస్తే అత్త పక్కనే కూర్చునేది, బాగున్నానని చెప్పేదాన్ని.

అంతలో మా ఆయనకు వణుకు పట్టుకుంది. మొదటి వణుకుకే అత్త వీధిలోకి పరుగెత్తి ఆటో పిలిచింది. ఆసుపత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు.

రెండు దినాలకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొచ్చి, ఇంట్లో అందరికీ రక్తం తీయాలన్నారు.

"దానికేం ల్యాదు, బాగనే ఉండాది" అంది అత్త నన్ను చూపించి. నేను చెయ్యి చాపాను. నాకూ మలేరియానే అని తేలింది.

"ఎన్నాళ్ల నుంచమ్మా జ్వరం?" అని వాళ్లతో వచ్చిన నర్సు అడిగింది. నేను నోరు తెరిచేలోగా అత్తే చెప్పింది, "నిన్న మొన్నట్నుంచే."

"కాదు, శానా దినాలైంది" అన్నాను. ఆ ఇంట్లో అత్త మాటకు ఎదురు చెప్పడం నాకదే మొదలు.

నర్సు తొట్టి చూపించి, మలేరియా దోమ ఇట్లాంటి మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుందనీ, జ్వరమున్న మనిషిని కుట్టిన దోమ ఇంకొకరిని కుడితే వాళ్లకూ అంటుతుందనీ చెప్పింది. తొట్టి, డ్రమ్ములు మొత్తం ఒలకబోయించింది. అన్ని నీళ్లూ మట్టిలో ఇంకిపోయాయి. మళ్లీ కుళాయి వచ్చేదాకా తాగేదేమిటో ఎవరూ చెప్పలేదు.

వాళ్లు గడప దాటగానే అత్త నావైపు తిరిగింది. "విన్యావా? నీ జ్వరమే నా కొడుక్కు అంటుకుండేది."

"నాకు జ్వరమే లేదంటివి కదత్తా."

మంచం మీద మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మాత్రలు ఇద్దరికీ ఒకటే. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే కాలేయంలో దాక్కున్న రోగం మళ్లీ లేస్తుందనీ, పద్నాలుగు రోజులూ మింగాలనీ, ఖాళీ కడుపుతో వద్దనీ చెప్పారు. ఆయనకు అత్త దానిమ్మ గింజలు ఒలిచి పెట్టి, దగ్గరుండి మింగించేది. నేను వంటింట్లో నిలబడి రెండు ముద్దలు తిని వేసుకునేదాన్ని. ఒక్కటీ మానలేదు. ఇద్దరికీ నయమైంది.

ఇప్పటికీ ఊళ్లో ఎవరైనా పలకరిస్తే అత్త ఒకటే మాట చెబుతుంది: "ఆ ఏడు మావానికి మలేరియా వచ్చి శానా కష్టపడినాం."