టుక్కమ్మ రాసిన రిజిస్టరు

మా వార్డులో ఆమెకు టుక్కమ్మ అని పేరు పెట్టింది నేనే. ముసలివాళ్లను చూసుకునే ఆసుపత్రి మాది. ఇరవై రెండు మంచాలు, నలుగురు ఆయాలు, మా నెత్తిన ఒక హెడ్ సిస్టర్. నాది పదిహేనేళ్ల సర్వీసు. ఆమె నలభై మూడేళ్ల వయసులో కొత్తగా చేరింది. అంతకుముందు పద్దెనిమిదేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టింది. కుట్టిన ప్రతి గుండీనీ ఒకసారి లాగి చూడనిదే చొక్కా పక్కన పెట్టేది కాదట. ఫ్యాక్టరీ మూతపడింది గానీ ఆ అలవాటు మాత్రం పోలేదు. కట్టిన కట్టు లాగి చూస్తుంది, మంచం కడ్డీ ఊపి చూస్తుంది, నేను వేసిన గడియ తీసి మళ్లీ వేస్తుంది. నాకు ఒళ్లు మండేది.

మా రిజిస్టరు ఇంగ్లీషులో రాయాలి. పైన టిఫిన్, స్నానం, మాత్ర, భోజనం అని గడులుంటాయి, కింద మంచానికో వరుస. మా ఆయాలందరికీ కలిపి వచ్చిన ఇంగ్లీషు ఒకే ఒక్క మాట, టుక్, అంటే తీసుకున్నారని. టిఫిన్ తిన్నా టుక్, స్నానం చేసినా టుక్, మాత్ర వేసుకున్నా టుక్. పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కగానే టీ తాగుతూ నా పదకొండు మంచాలకూ ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసేసేదాన్ని. ఎలాగూ తింటారు, ఎలాగూ మింగుతారు, ముందే రాస్తే ఏ కొంప మునిగింది అని నా వాదన. మొదటిరోజే ఆమె నోరు తెరిచింది.

“అక్కా, స్నానాలింకా మొదలే కాలేదు కదా?”

“అవుతాయిలే. నువ్వూ రాసెయ్. టి, రెండు సున్నాలు, కె. అంతే చదువు.”

ఆమె రాయలేదు. ఆ సాయంత్రం పదో తరగతి చదివే కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని డిక్షనరీ విప్పించిందట. మర్నాడు ఒక నోటుబుక్కు పట్టుకొచ్చింది. బస్సెక్కినా టుక్, ఫొటో తీసినా టుక్, సెలవు పెట్టినా, కాలం పట్టినా, ఒకరి వస్తువు ఎత్తుకుపోయినా, తప్పు నెత్తిన వేసుకున్నా టుక్. రెండు పేజీల నిండా రాసుకుంది.

“పాపం అక్కా, ఈ మాట అచ్చం మనలాంటిదే. ఇంట్లో ఎవరికే పని పడినా దీన్నే పిలుస్తారు” అని నవ్వింది. ఆ పేజీలు నాకు చూపిస్తూ, “మనకైతే తిన్నారు వేరు, తాగారు వేరు, మింగారు వేరు. మింగారు అని రాయాలంటే మింగడం చూసుండాలి. ఇదేమో అన్నిటికీ సరిపోతోందని మనం చూడకుండానే రాసేస్తున్నాం” అంది.

నిన్నగాక మొన్నొచ్చి నాకు పాఠాలు చెప్పడమా అని ఆ రోజే టుక్కమ్మ అని పేరు పెట్టాను. మధ్యాహ్నానికల్లా వార్డంతా పాకింది. ఆమె పలికింది కూడా, ఏ మాత్రం నొచ్చుకోకుండా.

మాత్ర ఇచ్చాక గొంతు కదిలేదాకా మంచం దగ్గరే నిలబడేది. నోరు తెరవమనేది, నాలుక ఎత్తమనేది. కళ్లారా చూస్తేనే టుక్ అని రాసేది, లేకపోతే గడి ఖాళీగా వదిలేసేది. ఖాళీలు కనబడితే హెడ్ సిస్టర్‌కు పైనుంచి మాట వస్తుంది. “మూడు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేద్దామనుకున్నాం. వారం గడువుంది. ఇంకొక్క ఖాళీ కనబడిందా, ఇక రావక్కర్లేదు” అని అందరి ముందూ చెప్పేసింది. భర్తకు నడుం పట్టేసి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు, ఆ ఇల్లు నడిచేది ఈ ఉద్యోగం మీదే. అయినా ఆమెది పట్టిన పట్టు విడిచే రకం కాదు.

ఆ వారంలోనే ఒకరోజు నేను సెలవు పెట్టాను. నా మంచాల వరుస ఆమెకు అప్పగించారు. మర్నాడు నేను రిజిస్టరు నింపి లేచేసరికి నన్ను దుప్పట్ల గదిలోకి లాక్కెళ్లి కళ్లజోడు పెట్టె తెరిచి చూపించింది. ఆరో మంచం పోస్ట్‌మాస్టారిది. అద్దాలు తుడుచుకునే గుడ్డ కింద తెల్లటి మాత్రలు, ఇరవై దాకా.

“నాలుక ఎత్తమంటే దొరికిపోయారు. ఇవి వేసుకుంటే మగతమ్మా, చెల్లెలు రోజూ పదకొండింటికి అంత దూరం నడిచొచ్చి నా గురక విని పోతోంది, అన్నారు.”

పోస్ట్‌మాస్టారికి రక్తపోటు దిగడంలేదని డాక్టరు పోయిన వారమే ఒక మాత్రను రెండు చేశారు. దిగకపోవడమేమిటి, మింగితే కదా.

“ఇవి చెత్తబుట్టలో పారెయ్” అన్నాను మెల్లగా. “ఈ రోజు నుంచి దగ్గరుండి మింగిద్దాం. ఎవరికీ చెప్పకు.”

“రెండూ మింగిస్తే రక్తపోటు ఒక్కసారిగా దిగి పడిపోతారక్కా.”

“నీకెలా తెలుసు?”

ఆమె పెట్టె మూత మూసింది. “మా అత్తా ఇలాగే దాచేది. తగ్గడంలేదని డాక్టరు పెంచుకుంటూ పోయాడు. నాకు సంగతి తెలిసి, ఆయనకు చెప్పకుండా, ఆ పెంచినవన్నీ గదమాయించి మింగించాను. మూడోరోజు స్నానాల గదిలో పడింది. మళ్లీ లేవలేదు.” మూత పడిందో లేదో ఒకసారి లాగి చూసింది. “మంచే చేస్తున్నాననుకున్నానక్కా. ఈసారి డాక్టరుకు చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ.”

ఆ నిమిషంలో నాకు ఆమె మీద జాలి కంటే నా మీద భయమే ఎక్కువ వేసింది. ఉన్నమాట చెప్పాలి కదా.

తొమ్మిదిన్నరకు డాక్టరు ఆరో మంచం దగ్గర ఆగి రిజిస్టరు చూశారు. “రోజూ వేసుకుంటున్నారు, అయినా దిగడంలేదు. మూడు చేద్దాం” అన్నారు.

ఆమె ముందుకొచ్చి కళ్లజోడు పెట్టె ఆయన చేతిలో పెట్టింది. “మింగలేదు సార్. ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి.”

పోస్ట్‌మాస్టారు కిటికీ వైపు తిరిగిపోయారు. హెడ్ సిస్టర్ అందుకుంది: “నిన్న ఈ వరుస చూసింది ఈమే సార్. కొత్త మనిషి, మొదటి నుంచీ ఇంతే, గడులు ఖాళీ వదిలేస్తుంది.”

“నిన్నటిది నేను చూశాను సార్. అంతకుముందు నేను లేను” అంది. నా పేరు ఎత్తలేదు, నా వైపు చూడలేదు.

డాక్టరు పేజీలు వెనక్కి తిప్పారు, మళ్లీ ఆ రోజు పేజీకి వచ్చారు. ఆయన వేలు ఆఖరి గడి మీద ఆగింది. “మధ్యాహ్నం భోజనం కూడా టుక్ అని ఉందే. ఇంకా పది కాలేదు కదా? ఈ రాత ఎవరిది?”

గుమ్మడికాయల దొంగలా నా చెయ్యి భుజం మీదికి పోలేదు గానీ, వేలికి పొద్దుటి సిరా ఇంకా అలాగే ఉంది. నేను నోరు మూసుకుంటే పోయేది ఆమె ఉద్యోగమని హెడ్ సిస్టర్ మొహంలోనే తెలిసిపోతోంది.

“నాది సార్” అన్నాను. “ఈ రోజుదే కాదు. పదిహేనేళ్లుగా ఇలాగే రాస్తున్నాను.”

నాకు మెమో ఇచ్చి నెల రోజులు బట్టలుతికే విభాగానికి తోశారు. ఆమె ఉద్యోగం ఖాయమైంది. పోస్ట్‌మాస్టారికి మళ్లీ సగం మాత్రతో మొదలుపెట్టి, అదీ చెల్లెలు వెళ్లాక మధ్యాహ్నం ఇమ్మన్నారు. పదిరోజులకు రక్తపోటు దారికొచ్చింది. ఈ సంగతి ఉతికే గది దాకా వచ్చి ఆమే చెప్పి, వెళ్తూ వెళ్తూ నేను మడతపెట్టిన దుప్పటి కొస లాగి చూసింది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

నెల తర్వాత తిరిగొచ్చాను. మధ్యాహ్నం మాత్ర ఇస్తే పోస్ట్‌మాస్టారు నీళ్లు తాగి, నేను అడగకముందే నోరు తెరిచి నాలుక ఎత్తారు. “చూసి రాయమ్మా” అన్నారు.

చూశాను. గొంతు కదిలింది. టి, రెండు సున్నాలు, కె. పదిహేనేళ్లలో మొదటిసారి ఆ మాట రాయడానికి నాకు అంతసేపు పట్టింది.

డ్యూటీ దిగేముందు రిజిస్టరు ఆమె ముందు పెట్టాను. ప్రతి గుండీ లాగి చూసే ఆ మనిషి నా పేజీ వైపు కన్నెత్తి చూడలేదు. మూసి బీరువాలో పెట్టేసి, “పద అక్కా, బస్సు పోతుంది” అంది.