పబ్బుకు బోటి పట్టుకెళ్ళిన పుష్పమ్మ

బన్సీలాల్‌పేట్ పుష్పమ్మ నోరు ఒకప్పుడు మైకు అక్కర్లేకుండా బోయిన్‌పల్లి మార్కెట్ మొత్తానికీ వినపడేది. కొత్తిమీర అమ్మేది. ఎవరైనా బేరమాడితే వాళ్ళ చెప్పుల మీద రెండు జోకులు, మీసాల మీద రెండు జోకులు వేసిగానీ కట్ట చేతిలో పెట్టేది కాదు. భర్త సదాశివ పోయాక ఆ నోరు మూతపడింది. ఇప్పుడు రేటు అడిగితే వేళ్ళు చూపిస్తుంది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటుంది.

కూతురు కల్పలతకు అదే దిగులు. ఆఫీసులో ఎంత మొండి కస్టమర్‌నైనా ఫోన్లో దారికి తెచ్చే పిల్ల, సొంత తల్లి చేత నాలుగు ముక్కలు మాట్లాడించలేకపోతోంది. ఒక ఆదివారం పొద్దున పట్టుబట్టింది.

"అమ్మా, ఇయ్యాల పబ్బుకు పోదాం."

"పబ్బంటే ఏందే?"

"మన కల్లు కాంపౌండ్ లెక్కనే. ఏసీ ఉంటది, గంతే."

అక్కడే కల్పలత దొరికిపోయింది. పబ్బు సంగతి తెలియకపోయినా, కాంపౌండ్ సంగతి పుష్పమ్మకు ఇంకొకరు చెప్పాలా? సదాశివతో ప్రతి ఆదివారం కూర్చున్న చోటది. పద్ధతులన్నీ కంఠతా. ఉత్త చేతులతో పోకూడదు. డబ్బా తెరిస్తే ముందు పక్క బెంచీకి పెట్టాలి. ఒంటరిగా తాగే మనిషి కనిపిస్తే పిలిచి పక్కన కూర్చోబెట్టాలి. సదాశివ ఆమెకు తగిలిందే అట్లా. మూలన బిక్కమొహంతో కూర్చున్న కుర్రాణ్ణి ఉడికించిన శనగ గుడాలు తినమని పుష్పమ్మ వాళ్ళమ్మ పిలిస్తే, వాడు మళ్ళీ లేచి పోలేదు.

"ఒక్కసారే వస్తా. మల్ల నన్ను యాడికీ పిలువొద్దు," అని పుష్పమ్మ మేక పేగుల బోటి కడగడానికి కూర్చుంది. అమ్మ ఇన్నాళ్ళకు వంట చేస్తోందని కల్పలత మురిసిపోయింది. ఆ కూర ఎక్కడికి ప్రయాణం కడుతోందో మాత్రం అడగలేదు.

తిరుమలగిరి పబ్బులో మధ్యాహ్నం పెద్దగా జనం లేరు. కూర్చోగానే పుష్పమ్మ సంచీలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. మిగతా పని ఏసీ చూసుకుంది. అల్లం వెల్లుల్లి వాసన పాటలు పెట్టేవాడి దాకా వెళ్ళింది.

"అమ్మా, ఇజ్జత్ తీస్తున్నవ్. లోపల పెట్టు!"

"పక్కోళ్ళకు పెట్టకుంట తింటరానే? గిదేనా నీకు నేర్పింది?"

పక్క టేబుల్‌లో ఉన్న ఇద్దరమ్మాయిల ప్లేట్లలో చెరో గరిటె పడింది. కల్పలత మెనూ కార్డు వెనక మొహం దాచుకుంది. పుష్పమ్మ అప్పటికే మూలన ఒక్కడే బీరు ముందు కూర్చున్న కుర్రాడి దగ్గరికి చేరింది.

"ఏం కొడుకా, ఒక్కనివే? ఇంట్ల లొల్లా?"

"లేదాంటీ, ఫ్రెండ్స్ వస్తమన్నరు. ఎవరూ వస్తలేరు." వాడి పేరు విశ్వతేజ.

"వాళ్ళ మొహాలు మండ! లే, మా దగ్గర కూసో."

ఇంతలో తలుపంత మనిషి బౌన్సర్ తుకారాం వచ్చి నిలబడ్డాడు. "బయటి తిండి అలౌడ్ లేదమ్మా."

"బయటిది కాదు బిడ్డా, ఇంట్ల వండిన."

తుకారాం నవ్వాపుకొని కౌంటర్ వైపు చూశాడు. "మేనేజర్ చూస్తుండు. నా నౌకరికి తక్లీఫ్ చెయ్యకు."

పుష్పమ్మ మూత పెట్టేసింది. మొహం మళ్ళీ గోడవైపు తిరిగినట్టే అయింది. "పోదాం పావే," అంది సన్నగా. ఇప్పుడు ఇంటికి పోతే అమ్మ మళ్ళీ గడప దాటదని కల్పలతకు అర్థమైంది. సిగ్గూ ఇజ్జతూ అన్నీ టేబుల్ మీదే వదిలేసి, డబ్బా చేతిలోకి తీసుకుని గట్టిగా అరిచింది.

"మేం బయట మెట్ల మీద కూసుంటున్నం. బోటి తినేటోళ్ళు రాండ్రి!"

విశ్వతేజ లేచాడు. అమ్మాయిలిద్దరూ ప్లేట్లతో సహా లేచారు. కాసేపటికి, బండ్లు చూసే వంకతో తుకారామూ వచ్చాడు.

"ఏందయ్యా, ఏనుగంత ఉన్నవ్, పిచ్చుక లెక్క ఏరుకొని తింటున్నవ్!" అంది పుష్పమ్మ, వాడి చేతిలో ఇంకో రెండు ముక్కలు పెడుతూ. తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఎంతసేపటికీ రాని విశ్వతేజ దోస్తులను తిట్టింది, అమ్మాయిల చిరుగుల ప్యాంట్లకు మాసికలు వేస్తానంది. చివరికి హుకుం జారీ చేసింది.

"వచ్చే ఐతారం మా ఇంటికి రాండ్రి. సీసాలు మీవి, బోటి నాది."

ఆటోలో కల్పలత అంది, "అమ్మా, వాళ్ళు నిజంగనే వస్తరు."

"రానియ్యే. కింద కూసోను చాపలు దులపాలె. నువ్వు గా సోఫా జెర పక్కకు జరుపు."