మావ్రా పిన్ని వద్దన్న శనివారం

మావ్రా లారియొనొవ్నాను మా ఊళ్ళో సగంమంది పిన్ని అంటారు. మిగతా సగం ఆమె వినని చోట మొండిఘటం అంటారు. నేను రెండూ అన్నవాణ్ణే. ఆమె గురించి రాయబోయే ముందు ఈ సంగతి ఒప్పుకోవడం మంచిది.

మాది రెండు దేశాల మధ్యనున్న పెయిప్సి సరస్సు పడమటి ఒడ్డు. వేసవిలో ఉల్లి, చలికాలంలో చేప, ఈ రెండే మా బతుకు. సరస్సు పేరుకున్నాక దాన్ని మేం సరస్సు అనం, గడ్డ అంటాం. గడ్డెక్కాడు, గడ్డ దిగాడు, గడ్డ మింగింది, ఇలా.

మావ్రా తండ్రి లారియొన్ చేపల సంఘంలో ముందునడక మనిషి. జట్టుకంటే ముందు గడ్డెక్కి, గునపంతో పొడుచుకుంటూ పోయి, ఎక్కడ మనిషి నడవొచ్చో ఎక్కడ బండి పోవొచ్చో చెప్పడం ఆయన పని. బాగున్న దారి పొడవునా కన్నాలు చేసి స్ప్రూస్ చెట్టు కొమ్మలు గుచ్చేవాడు. ఆ కొమ్మల వెంట పోయినవాడు ఇంటికొస్తాడు. ఆయనకు ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దవాళ్ళిద్దరూ వలలు అల్లే కొట్టంలో చేరారు. మూడోది మావ్రా, పదహారేళ్ళకు తండ్రి వెనకాల గడ్డెక్కింది. జట్టులో మగవాళ్ళు పక్కకు తిరిగి ఉమ్మారు.

"ఆడది గడ్డెక్కితే చేప అడుక్కి పోతుందే పిల్లా!"

"అయితే గాలం తాడు ఇంకో బారెడు కట్టుకోండి మావయ్యా. అడుగునున్నవే లావుగా ఉంటాయి."

నల్లగడ్డ నిజం చెబుతుంది, తెల్లగడ్డ సగమే చెబుతుంది అని లారియొన్ అనేవాడు. అద్దంలా నల్లగా ఉన్న గడ్డ బెత్తెడున్నర మందం ఉంటే మనిషిని మోస్తుంది, జానెడు మీద నాలుగు వేళ్ళుంటే కారును మోస్తుంది. మంచు కురిసి, తడిసి, మళ్ళీ బిగిసిన తెల్లగడ్డకు లెక్క రెట్టింపు. గడ్డ కింద ఏరు కలిసే చోట ఏ లెక్కా లేదు. రెల్లు పెరిగే చోట అసలు లేదు. మావ్రా ఇదంతా పుస్తకంలో రాసుకోలేదు. గునపం చేతికిచ్చే అదురును బట్టి నేర్చుకుంది.

తండ్రి పోయాక ఆ పని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఆమే చేసింది. ఒక మార్చి నెలలో జట్టు మేస్త్రి సవ్వాతీ ట్రాక్టరు తోలబోతే, వద్దంది.

"నువ్వెవరివి నాకు చెప్పడానికి?"

"ఎవర్నీ కాను. ఆ తలుపు మాత్రం తీసిపెట్టి తోలు. దూకడానికి పనికొస్తుంది."

సవ్వాతీ తిట్టుకున్నాడు గానీ తలుపు తీసిపెట్టే తోలాడు. దూకాడు కూడా. ట్రాక్టరు ఇప్పటికీ అడుగునే ఉంది. అది కూరుకుపోయిన చోట మండు వేసవిలో వలలు చిక్కుకుంటాయి.

ఆ తర్వాత దేశం మారింది, సంఘం పోయింది, ముందునడక మనిషి అనే ఉద్యోగమే లేకుండా పోయింది. మావ్రా బడి వంటింట్లో సూపు కాచింది. బడికి పోకముందు, తెల్లారగానే, గునపం భుజాన వేసుకుని గడ్డెక్కి వచ్చేది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ మాన్పించలేకపోయారు.

నాలుగేళ్ళ కిందట ఫిబ్రవరిలో మా ఊరికి చేపలు పట్టే పోటీ వచ్చింది. పట్నం నుంచి నాలుగువందల మంది వస్తారన్నారు. పోటీ నడిపించేది హిల్లార్ అనే మనిషి, నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడే. ఊళ్ళో ప్రతి ఇంటా గదులు సర్దారు. ఆడవాళ్ళు చేప కూరిన రొట్టెలు, ఉల్లి రొట్టెలు గంపలకొద్దీ కాల్చారు. నాకు ఓ కరకాత్ ఉండేది. పాత మోటారు సైకిలు ఇంజనుకు బుడగల్లాంటి పెద్ద టైర్లు తగిలించి నేనే కట్టుకున్న బండి అది, గడ్డ మీద పిల్లిలా పోయేది. పట్నంవాళ్ళను దాని మీద తిప్పుతానని నేను ముందే మాటిచ్చాను.

ముందురోజు హిల్లార్ ఓ పెట్టె తెచ్చి గడ్డ మీద లాగించాడు. అది లాక్కుపోయిన మేర మందమెంతో చెబుతుందట. సాయంత్రం చేపలరేవు దగ్గర అందరి ముందూ చదివాడు.

"సగటున ముప్పై మూడు సెంటీమీటర్లు. నిశ్చింతగా పోవచ్చు."

"సగటు మీద ఎవడు నడుస్తాడు బాబూ?" అంది మావ్రా గుంపు వెనకనుంచి. "కాలు పెట్టిన చోట నడుస్తాడు గానీ."

జనం నవ్వారు. హిల్లార్ కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. మూడు కిలోమీటర్ల లోపల, ఒడ్డుకు సమాంతరంగా ఓ పగులుందనీ, వారం నుంచీ మూసుకుంటూ తెరుచుకుంటూ ఉందనీ, దాని ఇవతలా అవతలా తెల్లగడ్డ మధ్యలో నీళ్ళు నిలిచాయనీ చెప్పింది. రేపు మధ్యాహ్నానికి గాలి తిరిగి పడమటినుంచి వీస్తుందట, రేడియోలో చెప్పారు. పడమటి గాలి అంటే మా ఒడ్డునుంచి గడ్డను ఊడబెరికి అవతలి దేశం వైపు తోసే గాలి.

"పోటీ మధ్యాహ్నానికి అయిపోతుందమ్మా," అన్నాడు హిల్లార్.

"గాలి నీ గడియారం చూసుకుని రాదు."

మర్నాడు, అంటే శనివారం, తెల్లారి మేం లేచి చూసేసరికి గడ్డ మీద ఒక్క కొమ్మ లేదు. తను గుచ్చిన కొమ్మలన్నీ తనే పీక్కొచ్చింది మావ్రా. రేవు దగ్గర గడ్డ మీదికి దిగే వాలు మీద వాటిని అడ్డంగా కంచెలా పరిచి, మధ్యలో గడ్డ మీద సామాను లాక్కుపోయే తన చెక్కబండి వేసుకుని, దాని మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతోంది. వెనక రోడ్డు మీద కార్లు చర్చి దాకా బారులు తీరాయి. హారన్లు మోగుతున్నాయి.

ఊరివాళ్ళే ముందు ఎగబడ్డారు. గంపల రొట్టెలు చల్లారిపోతుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

"పిన్నీ, లే అక్కణ్ణుంచి! నీ కాలం అయిపోయింది. ఇప్పుడు యంత్రాలున్నాయి."

"యంత్రాన్నే ముందు నడవమను కిప్రియాన్. మునిగితే దానికి పెళ్ళాం పిల్లలు ఏడవరు."

హిల్లార్ వచ్చాడు, ముఖం ఎర్రబడి ఉంది. "అమ్మా, మీకేం అధికారం ఉంది? పోలీసుల్ని పిలవాల్సొస్తుంది."

"పిలువు. ఇద్దరు కావాలి మరి, నేను బరువు. అధికారమంతా నీదేనయ్యా, నా దగ్గర గునపమే ఉంది. నాతో నడిచి రా. నువ్వూ నేనూ ఆ పగులు దాకా పోదాం. నీ కళ్ళతో చూసి, అప్పుడు కూడా పంపిస్తానంటే ఈ కొమ్మలు నేనే తీస్తా."

నాలుగువందల మంది చూస్తున్నారు. హిల్లార్ టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. "పదండి," అన్నాడు. ఆ మాటకు మాత్రం నాకు ఇప్పటికీ ఆయన మీద గౌరవం. ఊరి తరఫున నేనూ బయల్దేరాను.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. బయల్దేరే ముందు మా బావమరిది జోత్ చెవిలో ఓ మాట వేశాను. "ఉత్తరాన రెల్లు పక్కనుంచి దారుంది. మన కరకాత్ తీసుకుని నేను మాటిచ్చిన పట్నంవాళ్ళను పట్టుకుపో. మేం తిరిగొచ్చేలోగా మంచి చోటు చూసి కూర్చోబెట్టు." జోత్ కన్ను కొట్టాడు.

మేం ముగ్గురం నడిచాం. మావ్రా ముందు. ప్రతి నాలుగైదు అడుగులకూ గునపం ఎత్తి వదిలేది. ఖణ్ మంటే నడిచేది. బొద్ మంటే ఆగి, పక్కకు జరిగేది. ఒకచోట బరమాతో కన్నం పెట్టి హిల్లార్ను చెయ్యి పెట్టి చూడమంది. పైన బెత్తెడు తెల్లగడ్డ, కింద అరచెయ్యంత లోతు నీళ్ళు, దాని కింద మళ్ళీ పలచని గడ్డ.

"నీ పెట్టె ఈ రెండింటినీ, మధ్యలో నీళ్ళనూ కలిపి లెక్కేసింది," అంది. హిల్లార్ చెయ్యి తుడుచుకున్నాడు.

పగులు దగ్గరకు చేరేసరికి పదిన్నర. తెల్లవారుజామున బూటు పట్టేంత ఉందట, ఇప్పుడు రెండు అడుగులుంది. నల్లటి నీళ్ళు మెల్లగా పైకీ కిందికీ ఊపిరి పీల్చినట్టు కదులుతున్నాయి.

"చెక్కలు వేసి దాటించొచ్చేమో," అన్నాడు హిల్లార్, నమ్మకం లేని గొంతుతో.

మావ్రా అవతలికి చూస్తోంది. నేనూ చూశాను. అరకిలోమీటరు దూరంలో, పగులుకు అవతల, నా కరకాత్. దాని చుట్టూ చేపల పెట్టెల మీద కూర్చుని, గాలాలు వేసుకుని మనుషులు. జోత్ వెనకాలే రెల్లు దారి పట్టుకుని ఇంకా చాలామంది వచ్చినట్టున్నారు, వాళ్ళు దాటేటప్పటికి ఉత్తరాన పగులు ఇంకా మూసుకునే ఉండి ఉంటుంది.

"ఎవరిది ఆ బండి?" అంది మావ్రా.

ఆమె నా ముఖం చూసింది, అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అప్పటికే నా చెంపకు చలి ఒకపక్కే కొడుతోంది. గాలి తిరిగింది, మధ్యాహ్నం దాకా ఆగలేదు. కాళ్ళ కింద ఎక్కడో దూరాన తుపాకీ పేలినట్టు చప్పుడయింది. పగులు మా కళ్ళెదుటే విచ్చుకోవడం మొదలుపెట్టింది. హిల్లార్ ఫోను తీసి సహాయ దళానికి చెబుతున్నాడు. గడ్డ మీదా నీళ్ళ మీదా పోయే గాలిపడవ రావడానికి గంట పడుతుందన్నారు.

"గంటలో వాళ్ళు అవతలి దేశంలో టీ తాగుతుంటారు, బతికుంటే," అంది మావ్రా. పగులు వెంట దక్షిణానికి దాదాపు పరుగెత్తింది. అరవై నాలుగేళ్ళ మనిషి. ఓ చోట రెండు వైపుల గడ్డా ఢీకొని, పలకలు పైకి లేచి, ఒకదాన్నొకటి పళ్ళతో కరుచుకున్నట్టు నిలిచాయి. అన్నిచోట్లా ఊడినా అక్కడ ఇంకా పట్టు వదల్లేదు. గునపంతో మూడుసార్లు పొడిచింది. నడుముకున్న తాడు విప్పి ఒక కొస హిల్లార్ చేతికిచ్చింది.

"ఇటు నువ్వు పట్టుకో. కిప్రియాన్, నువ్వు నాతో రా. నీ మాట విని వచ్చారుగా వాళ్ళు, నీ మాట వినే వస్తారు."

మేం దాటాం. అవతల ఇరవై ముగ్గురున్నారు. జోత్ నన్ను చూసి చెయ్యి ఊపాడు. "బావా, చారల చేప ఒకటే పడటం! రా, రా!"

"లేవండి!" అని అరిచింది మావ్రా. "పెట్టెలు వదలండి, చేపలు వదలండి. బండి ఎక్కొద్దు. వేరువేరుగా, పది అడుగుల ఎడంతో, నా వెనకాల నడవండి."

కొందరు లేచారు. పట్నపు మనిషి ఒకడు, బొద్దుగా ఉన్నాడు, కదల్లేదు. కొత్త బరమాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఈ ముసలావిడ ఎవరండీ? పోటీ రద్దయిందా? కాగితం చూపించండి."

మావ్రా అతని ఒళ్ళోంచి బరమా లాక్కుని కన్నంలోకి జారవిడిచింది. బుడుంగుమంది.

"ఇదుగో కాగితం. ఇప్పుడు నీకిక్కడ పనేం లేదు. లే."

అతను లేచాడు. నేను జోత్ జబ్బ పట్టుకుని లాగాను. వాడు కరకాత్ వైపు తిరిగి తిరిగి చూశాడు, నేను మాత్రం చూడలేదు. కరుచుకున్న పలకల దగ్గరికి వచ్చేసరికి మధ్యలో నీళ్ళు పొంగుతున్నాయి. ఒక్కొక్కరినీ తాడు పట్టించి దాటించింది, ప్రతివాడి వీపు మీదా ఓ చరుపు చరిచి. చివరి నలుగురు మోకాలి దాకా తడిశారు. ఆమె అందరికంటే ఆఖరున వచ్చింది. ఆమె కాలు ఇటు మోపిన కాసేపటికి పలకలు గరగరమని విడిపోయి, మధ్యలో వీధి వెడల్పున నీళ్ళు తెరుచుకున్నాయి.

నా కరకాత్, ఇరవై పెట్టెలు, చేపలు, ఒక ఎర్ర కంబళి అలా మెల్లగా తూర్పుకు తేలిపోయాయి. గాలిపడవవాళ్ళు వచ్చేసరికి రక్షించాల్సినవాళ్ళెవరూ లేరు. తడిసిన కాళ్ళవాళ్ళను మాత్రం ఎక్కించుకుపోయారు.

ఊరంతా ఆమె కాళ్ళ మీద పడిందని అనుకుంటారేమో. లేదు. రొట్టెలు మిగిలిపోయాయి, పోటీ మరుసటి ఏడు వేరే ఒడ్డుకు వెళ్ళిపోయింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఇప్పటికీ, "అవతలికి పోయినవాళ్ళు పోయారు, మిగతావాళ్ళను ఒడ్డు దగ్గరే చేపలు పట్టుకోనిస్తే ఏం పోయేది?" అంటారు. ఆ బొద్దుమనిషి బరమా కోసం ఫిర్యాదు పెట్టాడు. దాని మీదా, రేవుకు అడ్డం పడినందుకూ కలిపి, మావ్రాను ఆఫీసుకు పిలిచారు.

నేనూ వెంట వెళ్ళాను, సాక్ష్యానికి. జోత్ను పంపింది నేనేనని చెప్పాను. అధికారి కుర్రమనిషి, మంచిగానే మాట్లాడాడు. ఫిర్యాదు పక్కన పెట్టాడు. గడ్డ పరీక్షించే ఉద్యోగం కింద ఆమెకు నారింజరంగు చొక్కా, గుర్తింపు కార్డు ఇస్తామన్నాడు. రోజూ ఉదయం ఎనిమిదింటికల్లా గడ్డ మందం ఓ కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు.

"తొమ్మిదింటికి గాలి మారితే?" అంది మావ్రా.

"అది మర్నాటి కాగితంలో రాయొచ్చమ్మా."

"మునిగినవాడు మర్నాటి కాగితం చదువుతాడా నాయనా?" ఆమె లేచి శాలువా కప్పుకుంది. "చొక్కా వద్దు. నా సంతకం చూసుకుని ఎవడూ గడ్డెక్కొద్దు. తెలుసుకోవాలన్నవాణ్ణి వచ్చి అడగమను, చెబుతా. లేదా గునపం పట్టుకుని రమ్మను, నేర్పుతా."

బయటికొచ్చాక మెట్ల మీద నాతో అంది, "ఏరా, నీకు గునపం ఉందా?"

"లేదు పిన్నీ."

"సిగ్గులేదూ, గడ్డ మీద పుట్టి." ఆమె బస్సు వైపు నడిచింది.

ఇప్పుడామెకు అరవై ఎనిమిది. ఒక మోకాలు వంగదు. పోయిన డిసెంబరులో వైద్యుడు గడ్డెక్కొద్దన్నాడట. "మందుల సంగతి ఆయనకు నేను చెప్పను, గడ్డ సంగతి నాకు ఆయన చెప్పక్కర్లేదు," అని ఊరంతా వినేలా అంది. రోజూ తెల్లారగానే వెళుతోంది. ఇప్పుడు ఆమె వెనకాల ఇద్దరం వెళుతున్నాం, నేనూ జోత్. మా పొడుపు చూసి రోజూ తిడుతుంది. గునపాన్ని గరిటెలా పట్టుకుంటామట. నిన్న జోత్ ఓ చోట పొడిచి, "బాగుంది పిన్నీ, పోవచ్చు," అన్నాడు. ఆమె వచ్చి, వంగి, మంచును చేత్తో ఊడ్చి, గోటితో గీకి చూసింది.

"తెల్లది. వెనక్కి నడు."