కార్తె లెక్కన చూసిన చార్టు

ఓర్వకల్లులో విమానాలు దిగడం మొదలైన ఏడాది నన్ను కడప నుంచి కర్నూలు శాఖకు మార్చారు. మాది షేర్ల బ్రోకరు కంపెనీ. నా హోదా టెక్నికల్ అనలిస్టు. ధరల చార్టులు చదివి ఖాతాదారులకు వివరించాలి, కొనమనీ అమ్మమనీ ఒత్తిడి చేయకూడదు. ఆ నియమం నేను కచ్చితంగా పాటించాను. కొందరికి అది పొగరుగా కనిపించేది.

ఓబులేసు ఓర్వకల్లు దగ్గరి రైతు. ఆయన చేను పరిశ్రమల కోసం పోయింది. పరిహారంతో బేతంచెర్ల వైపు మరో చేను కొందామని బయానా ఇచ్చాడు. రిజిస్ట్రేషనుకు గడువుంది, సొమ్ము కొంచెం తక్కువ పడుతోంది. ఆ కాస్తా షేర్లలో సంపాదించాలని మా దగ్గరికి వచ్చాడు.

ఆయన అడిగిన సిమెంటు షేరు చార్టు తెర మీద చూపించాను. ధర బాగా పడి మళ్లీ లేచిన చోటును మేము బాటమ్ అంటాం. ఒక బాటమ్‌కూ మరోదానికీ మధ్య కాలం ఇంచుమించు సమానంగా వస్తుంటే అది సైకిల్. ఆ షేరు నాలుగుసార్లు అలాగే పడి లేచింది. ఐదోది దగ్గర్లో ఉంది.

"ఇది కార్తె మాదిరి ఉండాది గదా సార్," అన్నాడు.

మన సీమలో కార్తె తప్పదు, వానే తప్పుతుంది కదప్పా అన్నాను. సైకిల్ ముందూ వెనకా అవుతుందనీ, గడువున్న సొమ్ము ఇందులో పెట్టవద్దనీ చెప్పాను. వినలేదు. మిగిలిన పరిహారమంతా పెట్టాడు. ధర ఇంతకన్నా పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డరును స్టాప్‌లాస్ అంటారు. అదీ వద్దన్నాడు.

"మొలక వాడిందని చేను దున్నేస్తామా సార్? శానా ఏండ్లు మోడం చూసి వాన కోసరం కాసుకోని బతికినోణ్ణి," అన్నాడు.

బాటమ్ రావలసిన వారం దాటిపోయింది. ధర దిగుతూనే ఉంది. ఓబులేసు రోజూ బస్సులో వచ్చి తెర ముందు కూర్చునేవాడు, టీ ఇచ్చినా ముట్టేవాడు కాదు. చేను అమ్మేవాళ్లు గడువు పొడిగించలేదు. ఉన్నంత తీసుకుపోయి వాళ్లను బతిమాలుకుందామని చివరికి షేర్లన్నీ అమ్మించాడు. వాళ్లు ఒప్పుకోలేదు. చేను ఇంకొకరి పేర రిజిస్టరైంది, బయానా కూడా పోయింది.

నెల తిరక్కముందే షేరు లేచి పాత ఎత్తు దాటింది. ఖాతా మూసే కాగితం మీద సంతకం పెట్టడానికి ఓబులేసు వచ్చాడు. తెర మీద ఆ షేరు చార్టు చూశాడు.

"వానొచ్చినాది సార్. చేనే ల్యాకపాయ," అన్నాడు.

సైకిల్ వచ్చింది, ఆయన గడువు దాటాక వచ్చింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, చార్టు చూపించమని ఎవరు వచ్చినా ఈ సొమ్ము మీకు ఎప్పటికి కావాలని ముందు అడిగాను. తేదీ చెప్పినవాళ్లకు చార్టు చూపించలేదు.