పిట్ట ముట్టలేదు

మా వీధి చివర ఎవరో ఇల్లు కడుతూ బోరు వేయిస్తున్నారు. పొద్దున కిటికీ తెరవగానే తడిసిన రాతిపొడి వాసన లోపలికి వచ్చింది. నల్లగొండలో బతికేవాళ్లకు అది నీళ్ల మీద ఆశ పుట్టించే వాసన. నాకు మాత్రం అది తగిలితే సుగుణ టీచర్ గుర్తుకొస్తారు.

దేవరకొండ అవతల, కృష్ణానది వైపు వాలే గుట్టల మధ్య ఆమె ఊరు. సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. తరతరాలుగా ఇతరుల చేలల్లో కూలి చేసిన ఆ ఇంట్లో మొదటిసారి సొంత భూమి దున్నినవాడు ఆమె తండ్రి. ఆయన సమాధి కూడా ఆ చేలోనే ఉంది. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు, బోర్లు వేసి యురేనియం వెతికే బండ్లు ఆ గుట్టలెక్కాయి. రాళ్ల మీద ఎర్రరంగుతో అంకెలు వేశారు. ఒక అంకె సమాధిని ఆనుకుని ఉన్న రాయి మీద పడింది. చేను సగం టీచర్ పేరున, సగం చనిపోయిన తమ్ముడి కొడుకు ప్రభుదాసు పేరున ఉండేది. గని వస్తే ఉద్యోగం ఇస్తారని అతనికి ఎవరో చెప్పారు. చేను నిలుస్తుందా పోతుందా అన్నది మేనత్తకూ మేనల్లుడికీ మధ్య నలుగుతూ ఉండేది.

నేను మొదటిసారి వెళ్లింది ఆ గొడవ కోసం కాదు. ఏటా హిరోషిమా దినం నాడు ఆ ఊళ్లో ఏదో చేస్తున్నారంటే చిన్న వార్త రాద్దామని వెళ్లాను. పొద్దుటి ఎండలో, ఊరి పక్కనున్న పెద్ద బండ మీద జనం ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. వాళ్ల నీడ చుట్టూ టీచర్ చిక్కటి సున్నంతో గీత గీస్తున్నారు. మనిషి పక్కకు తప్పుకుంటాడు, గీత మిగులుతుంది. ఎవరూ మాట్లాడడం లేదు. కాసేపటికి బండ నిండా పొడవాటి ఆకారాలు పరుచుకున్నాయి.

“ఇదేంది టీచర్?” అని అడిగాను.

“యురేనియం బాంబు పడ్డనాడు హిరోషిమాల ఒకరు రాతి మెట్ల మీద కూసున్నరు సారు. మనిషి లేకుంట పోయిండు. రాయి మీద నీడ ఉన్నది,” అన్నారు. “మీరు గూడ నిలబడుండ్రి.”

నిలబడ్డాను. తప్పుకున్నాక వెనక్కి తిరిగి చూశాను. అది నాకంటే పొడుగ్గా, నన్నెరగనట్టు పడి ఉంది.

ఆ ఏడు వానలు పడలేదు, సున్నం చెరగలేదు. తర్వాత ఇంకోసారి వెళ్లినప్పుడు, గొర్లు కాసే లచ్చవ్వ నా ముందే టీచర్‌ను నిలదీసింది.

“ఏమే సుగుణా, నువ్వు గీసుడేమొ గీస్తివి. నా గొర్లు గా బండ తొక్కుతలెవ్వు. సుట్టు తిరిగి పోతున్నయ్.”

“సున్నం వాసనకు లచ్చవ్వా.”

“నా ఇంటి గోడకు సున్నం లేదా? దాన్నయితే నాక్కుంట నిలవడతయ్ గద!” అని, గొంతు తగ్గించింది. “గా సచ్చినోళ్లకు పిట్టకు పెట్టిన్రా?”

మా వైపు మనిషి పోతే అతనికి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు అయినవాళ్లు ముందుకొచ్చి నీ పిల్లలను చూసుకుంటామనో, నీ బిడ్డ పెండ్లి చేస్తామనో మాట ఇస్తారు. ఆ మాట వాళ్లు కోరుకున్నదే అయితే పిట్ట ముడుతుంది.

“ఊరికి ఊరే పాయె. పెట్టెటోళ్లెవరు?” అన్నారు టీచర్.

“గందుకే ఈడ తిరుగుతున్నరు. మనమే పెడదాం.”

“మేం చర్చికి పోయెటోళ్లం లచ్చవ్వా. మాకు గివి లెవ్వు.”

“నీకు లేకుంటే లేకపాయె, వాళ్లకు ఉండొచ్చు గద! ఇంతకు ఏం తింటరు వాళ్లు?”

టీచర్ నవ్వారు. “అన్నం, చాపలు.”

“అయితే మనోళ్లే,” అంది లచ్చవ్వ.

మరుసటి ఏడు నీడలు గీశాక, లచ్చవ్వ బండ మీద విస్తరి పరిచి అన్నం, చేపల పులుసు పెట్టింది. ఊరంతా దూరం జరిగింది. ఆ గుట్టల్లో కాకులకు కొదవ లేదు, చేపల వాసనకు ఆపాటికే మూగాల్సింది. ఒక్కటీ రాలేదు. అవతలి గుట్ట మీద మోగుతున్న బోరు బండి కూడా ఎందుకో ఆగిపోయింది. ఎండ ఎక్కింది. మా నీడలు కాళ్ల కిందికి ముడుచుకున్నాయి, గీసిన నీడలు మాత్రం పొద్దుటిలాగే చాచుకుని ఉన్నాయి. చివరికి ఒక కాకి వచ్చి, ఒక ఆకారం తల దగ్గర వాలింది. విస్తరిని కాదు, మమ్మల్ని చూసింది. ఎగిరిపోయింది.

“ఏదో అడుగుతున్నరు,” అంది లచ్చవ్వ.

“టీచరమ్మా, చేను ఇయ్యనని మాట ఇయ్యి. ముడుతది,” అన్నారెవరో వెనక నుంచి.

టీచర్ ప్రభుదాసు వైపు చూశారు. అతను తల వంచుకున్నాడు.

“సగం చేను వానిది. వాని మాట నేనెట్ల ఇస్త?” అన్నారామె.

పొద్దు వాలేదాకా చూశాం. అన్నం ఎండిపోయింది. చీమ కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం వార్త రాస్తుంటే, ఉద్యమంలో తిరిగే మిత్రుడొకడు ఫోన్ చేశాడు. “పిట్ట ముట్టిందని రాయన్నా, జనానికి ధైర్యం వస్తది.” డెస్కు వాళ్లూ అలాగే అన్నారు. టీచర్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

“ముట్టలేదని రాయుండ్రి సారు. ముట్టిందంటే మా ఊరోళ్లు నిమ్మలంగ పండుకుంటరు. బండ్లింక గుట్ట మీదనే ఉన్నయ్.”

అలాగే రాశాను. ఆ పేపరు ముక్క ఊళ్లో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరికీ నెమ్మది లేదు. ఎవరో వాకిట్లో నిలబడి అడుగుతున్నట్టుందని ఆడవాళ్లు చెప్పుకునేవారు. ప్రభుదాసు నాతో ఒకసారి అన్నాడు: “రోజూ ఆ బండ మీదికెల్లి పోవాలె అన్నా. నా నీడ గూడ గీసింది గద అత్త. అండ్ల నాది ఏదో గుర్తువట్టలేకపోయిన.” గ్రామసభలో గనికి భూములిచ్చే ఒప్పుకోలు కాగితం తన ముందుకు వచ్చినప్పుడు అతను దాన్ని వెనక్కి నెట్టాడు. “నేనియ్య,” అన్నది ఒక్కటే మాట. ఆ తర్వాత ఇంకెవరూ సంతకం పెట్టలేదు.

బండ్లు గుట్ట దిగిపోయాయి. మళ్లీ రావని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎర్ర అంకెలు అట్లాగే ఉన్నాయి. తర్వాత కొన్నేళ్లకు టీచర్ నల్లగొండ దవాఖానలో కన్నుమూశారు. తండ్రి పక్కనే, ఆ చేలోనే పడుకున్నారు.

ఇప్పుడు సున్నం గీసేది ప్రభుదాసు. లచ్చవ్వ ఏటా చేపలు వండుతూనే ఉంది. పోయిన ఏడు ఒక కాకి ఎగురుకుంటూ విస్తరి అంచు దాకా వచ్చింది. ప్రభుదాసు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాకి ముక్కు వంచింది, ఆగింది, తల తిప్పి గుట్ట వైపు వెళ్లిపోయింది.

“ముట్టలే,” అంది లచ్చవ్వ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. “బతికినం.”

పిట్ట ముట్టనందుకు కుదుటపడే ఊరు ఇంకొకటి నేను చూడలేదు. ఇన్నేళ్ల వార్తల పనిలో ఎందరో నాకు రాయడం నేర్పారు, ఎక్కడ ఆపాలో నేర్పింది టీచర్. ఇప్పటికీ ఏ వార్త చివరనైనా అంతా సర్దుకుందని రాయబోయి ఆగుతాను. అది చదివి ఎవరెవరు నిద్రపోతారో ఒకసారి ఆలోచిస్తాను.